తూర్పు కనుమల ఉబ్బెత్తు నమూనా: గొలుసు ఎక్కడ తెంచాలి, ఎక్కడ కలపాలి?

పటాలపెట్టె

అందరికీ నమస్కారం. హైస్కూలు సాంఘికశాస్త్రం గది కోసం తూర్పు కనుమల ఉబ్బెత్తు నమూనా తయారవుతోంది. స్కేలు 1:10,00,000, అంటే 1 మిల్లీమీటరుకు 1 కిలోమీటరు. శ్రీకాకుళం జిల్లా మందస కొండల నుంచి తిరుపతి దాకా పరిధి. 3 మి.మీ. సన్‌బోర్డు (ప్లాస్టిక్ నురుగు పలక) పొరలను కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వెంట కత్తిరించి ఒకదానిమీద ఒకటి అతికించాలని ఆలోచన. ఒక్కో పొర 200 మీటర్ల ఎత్తుకు లెక్క.

చిక్కేమిటంటే, గోడ పటాల్లో ఇవన్నీ తీరం వెంబడి ఒకే గోధుమరంగు పట్టీగా ఉంటాయి. కాంటూర్లు చూస్తే అలా లేవు. ఎక్కడ తెంచాలి? ఏ కొండల్ని ఈ గొలుసులో కలపాలి, వేటిని వదిలేయాలి? పిల్లలు ఏళ్ల తరబడి చూసే వస్తువు, తప్పు లేకుండా ఉండాలి. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

రాతిపొర

మంచి పని మొదలుపెట్టారు. గోధుమరంగు పట్టీని మొదట మనసులోంచి తీసేయండి. మన రెండు రాష్ట్రాల్లో తూర్పు కనుమలు అంటున్నవి నిజానికి వేర్వేరు రాళ్లతో, వేర్వేరు పద్ధతుల్లో తయారైన రెండు కొండల గుంపులు. కృష్ణానదిని హద్దుగా పెట్టుకుంటే దాదాపు సరిపోతుంది.

ఉత్తరాన మందస నుంచి పాపికొండల దాకా, ఆ తర్వాత చెదురుమదురుగా కొండపల్లి దాకా ఉన్నవి ఖొండలైట్, చార్నోకైట్ రాళ్లు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపుమారి, కోట్ల ఏళ్ల కోతతో పైకి తేలినవి. ఖొండలైట్‌లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్‌తో పాటు ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నటి సిల్లిమనైట్ పుల్లలు, అక్కడక్కడ గ్రాఫైట్ ఉంటాయి. సింహాచలం కొండ పక్కన తవ్విన గట్టు దగ్గరకెళ్లి చూస్తే కందిగింజంత గార్నెట్లు తుప్పుపట్టి, చుట్టూ ఉన్న తెల్లటి బంకమట్టి మీద గోధుమరంగు మరకలు వేసి కనిపిస్తాయి. వానకు ఫెల్‌స్పార్ బంకమట్టిగా మారిపోతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పవుతుంది. అందుకే ఆ కొండలకు గుండ్రటి భుజాలు, మందమైన ఎర్రమట్టి.

దక్షిణాన నల్లమల, ఎర్రమల, లంకమల, పాలకొండలు, శేషాచలం, వెలికొండలు. ఇవన్నీ కడప బేసిన్‌వి. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న ఇసుక క్వార్ట్‌జైట్‌గా, బురద షేల్‌గా, సున్నం సున్నపురాయిగా గట్టిపడ్డాయి. బేసిన్ నెలవంక ఆకారంలో ఉంటుంది, విస్తీర్ణం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి తూర్పు సగం మడతలు పడింది, పడమటి సగం చాలావరకు పరిచినట్టే ఉండిపోయింది. నల్లమల గట్లు ఒకదాని పక్కన ఒకటి ఉత్తర దక్షిణాలుగా సాగడానికీ, ఎర్రమల కొండలకు నెత్తి చదునుగా ఉండడానికీ కారణం ఇదే.

కాబట్టి నమూనాలో ఉత్తరపు కొండలకు అంచులు గుండ్రంగా సాన పట్టండి. నల్లమలకు అంచు నిటారుగా ఉంచండి. ఒకే ఉలితో రెండింటినీ చెక్కితే నమూనా అక్కడే తప్పుతుంది.

డెమ్ గీతలు

కాంటూర్లు ఎక్కడివి వాడుతున్నారు? సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలో కాంటూరు తేడా 20 మీటర్లు, కచ్చితంగా ఉంటాయి. కానీ మీ పరిధికి షీట్లు వందకు పైగా అవసరమవుతాయి. ఎస్ఆర్‌టీఎమ్ (అంతరిక్షం నుంచి కొలిచిన, 30 మీటర్ల గడితో ఉన్న) ఎత్తు దత్తాంశం ఉచితం, మీ స్కేలుకు చాలు.

చేసే క్రమం చెప్తాను. ఒక్కో డిగ్రీ టైళ్లు (పటం ముక్కలు) దింపుకుని పటాల సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో కలపండి. తర్వాత యూటీఎమ్ జోన్ 44 (డిగ్రీల బదులు మీటర్లలో కొలిచే పటం పద్ధతి) లోకి మార్చండి. ఈ మెట్టు వదిలేయొద్దు: 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 107 కి.మీ., అక్షాంశ డిగ్రీ సుమారు 110.6 కి.మీ. డిగ్రీల్లోనే ప్రింటు తీస్తే నమూనా అడ్డంగా 3 శాతం సాగుతుంది, నదులు మీరు కొలిచిన చోట పడవు. ఆ తర్వాత 500 మీటర్ల గడికి కుదించి, అప్పుడు 200 మీటర్ల కాంటూర్లు తీయండి. 30 మీటర్ల గడి మీదే తీస్తే వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలొస్తాయి, కత్తి పట్టదు.

కుదింపులో రెండు నష్టాలున్నాయి. సన్నటి గట్ల నెత్తి సగటులో కలిసిపోయి తగ్గిపోతుంది. ఇరుకు లోయల అడుగు పైకి లేస్తుంది. శ్రీశైలం దగ్గర కృష్ణ లోయ, పాపికొండల దగ్గర గోదావరి రెండూ పూడిపోయి, నది కొండెక్కినట్టు కనిపిస్తుంది. వాటిని చేత్తో సరిదిద్దాల్సిందే.

ఇంకొకటి: ఆ దత్తాంశం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినది. ఆ తర్వాత నిండిన జలాశయాలు అందులో ఉండవు. గండికోట జలాశయాన్ని విడిగా గీయాలి.

ఎత్తు పెంపు లెక్క కూడా చూసుకోండి. మీ స్కేలులో 200 మీటర్లంటే నిజానికి 0.2 మి.మీ. మీరు 3 మి.మీ. ఇస్తున్నారు, అంటే 15 రెట్లు. చదును నేల మీద కొండలు కనబడాలంటే ఆ మాత్రం తప్పదు. కానీ పక్కన చీటీ మీద ‘నిలువు ఎత్తు 15 రెట్లు పెంచినది’ అని రాయండి. లేకపోతే పిల్లలు అరకు కొండల్ని హిమాలయాల్లా ఊహించుకుంటారు.

పటాలపెట్టె

డెమ్ గీతలు గారూ, ఈ క్రమం చాలా ఉపయోగం. అలాగే చేస్తాం. రాతిపొర గారూ, మరి గోదావరికీ కృష్ణకూ మధ్య ఏం పెట్టాలి? తెలంగాణ వైపు వికారాబాద్ అనంతగిరి కొండల్ని కూడా కొన్ని పటాల్లో తూర్పు కనుమలని రాస్తున్నారు. అవి కలపాలా?

రాతిపొర

వికారాబాద్ అనంతగిరి కలపొద్దు. మూసీ పుట్టే ఆ కొండలు దక్కన్ లావా పొరల మీద లాటరైట్ (ఎర్రటి గుల్ల రాయి) టోపీ పెట్టుకున్నవి. అరకు దారిలోని అనంతగిరితో పేరు తప్ప సంబంధం లేదు. తెలంగాణలో మీ నమూనాకు తప్పక రావాల్సింది అమ్రాబాద్ పీఠభూమి. నల్లమల రాయి కృష్ణ దాటి ఉత్తరపు ఒడ్డున కొనసాగేది అక్కడే.

గోదావరి, కృష్ణల మధ్య తెంచేయండి. పోలవరం దగ్గర గోదావరి కొండలు విడిచిన తర్వాత నైరుతి దిక్కున వంద కిలోమీటర్ల పైగా గొలుసు అనదగ్గది లేదు. కొండపల్లి దగ్గర మళ్లీ గుట్టలు లేస్తాయి. విజయవాడ ఇంద్రకీలాద్రి, అవతలి ఒడ్డున సీతానగరం కొండ, ఆపైన మంగళగిరి, కొండవీడు, ఇవన్నీ కోతకు మిగిలిపోయిన మొండి గుట్టలు. వీటిని ఒక్కొక్క పొరతో విడివిడి ముక్కలుగా పెట్టండి. ప్రకాశం బ్యారేజీ కట్టిన చోటు ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య సందే. చిన్న గుట్టలే అయినా వాటిని వదిలేస్తే కృష్ణా డెల్టా తలవాకిలి అక్కడెందుకు ఉందో పిల్లలకు అర్థం కాదు.

మన్యం గెడ్డ

ఉత్తరం వైపు గురించి నేను చెప్తాను. రాతిపొర గారు గుండ్రటి భుజాలన్నారు, దానికి తోడు ఇంకో మాట: అది గట్టు కాదు, ఎత్తయిన పీఠభూమి. శృంగవరపుకోట మైదానం వైపు నుంచి ఒక్కసారిగా గోడలా లేస్తుంది. ఎక్కాక మాత్రం 900 మీటర్ల ఎత్తున అరకు, పాడేరు దగ్గర ఎగుడుదిగుడు చదును నేల వస్తుంది. కాబట్టి 200, 400, 600, 800 గీతలు తూర్పు అంచున ఒకదానికొకటి దాదాపు తగులుతూ వస్తాయి, లోపల విశాలంగా విడిపోతాయి. దగ్గర దగ్గరగా ఉన్నాయని ఒక పొర ఎత్తేయకండి, ఆ గోడే అసలు విషయం.

కొత్తవలస కిరండూల్ రైలు మార్గాన్ని సన్నటి దారంతో అతికిస్తే ఆ ఎక్కుడు బాగా తెలుస్తుంది. బొడ్డవర, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, అరకు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దింపడానికి 1960ల్లో వేసిన మార్గం ఇది. వానాకాలంలో దీనిమీద మట్టి జారడానికి కారణం పైన చెప్పిన ఖొండలైటే: లోపలిదాకా కుళ్లిన రాయి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, నిటారుగా తెగ్గోసిన గట్టు నిలవదు.

శిఖరాలు: మన రాష్ట్రంలో ఎత్తైనది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ, సుమారు 1,680 మీటర్లు. ఒడిశా కోరాపుట్‌లో దేవమాలి 1,672, గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1,501. మహేంద్రగిరి మీ మందస చివరకు ఎదురుగా సరిహద్దు దాటగానే ఉంటుంది, రాష్ట్రం హద్దు దగ్గర కోసేయకుండా చూపించండి.

ఇక నీళ్లు. మాడుగుల కొండల్లో పుట్టే మాచ్‌ఖండ్ సముద్రానికి అంత దగ్గర్లో పుట్టి కూడా తూర్పుకు దిగదు. ఉత్తరానికి పోయి, డుడుమ దగ్గర దూకి, నైరుతికి తిరిగి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. అదే కొండల తూర్పు ముఖం మీద పుట్టిన గోస్తనీ బొర్రా గుహల కింద నుంచి పారి నేరుగా భీమునిపట్నం దగ్గర సముద్రం చేరుతుంది. శారద, వరాహ, తాండవ కూడా అంతే, పొట్టి నదులు. ఈ నీటి విభజన గీతను ఎర్రదారంతో చూపించండి. తీరానికి ఎంత దగ్గరగా నడుస్తుందో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. వంశధార, నాగావళి మాత్రం ఒడిశా కలహండి కొండల్లో పుట్టి వస్తాయి, వాటి పుట్టుక మీ పరిధిలోకి రాదు, బాణం గుర్తు చాలు.

ఎత్తైన కొండల మీద లాటరైట్, బాక్సైట్ కప్పులున్నాయి. వాన నీటికి సిలికా కరిగిపోయి అల్యూమినా మిగిలితే బాక్సైట్. ఆ గుల్ల రాయీ, దాని కింది కుళ్లిన ఖొండలైటూ కలిసి వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. వేసవిలో కూడా గెడ్డల్లో (కొండవాగుల్లో) ఊట ఉండడానికి అదొక పెద్ద కారణం. కొండ నెత్తి తవ్వితే కింద గెడ్డ ఎండుతుందని మన్యం జనం అనేమాటకు ఆధారం ఈ రాతిలోనే ఉంది.

చలిగాలి

మన్యం గెడ్డ గారూ, ఒక సందేహం. శిఖరాలు 1,600 దాటినప్పుడు, చలి వార్తలన్నీ లంబసింగి, చింతపల్లి, మినుములూరు నుంచే ఎందుకు వస్తాయి?

మన్యం గెడ్డ

కొలిచే కేంద్రాలు అక్కడ ఉండడం ఒకటి. అసలు కారణం గాలి నడక. డిసెంబరు, జనవరిలో ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల వేడి నేరుగా పైకి పోతుంది. వాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. తెల్లారేసరికి అడుగున చలి ఎక్కువ, పక్క వాలు మీద కాస్త వెచ్చదనం. పొగమంచు కూడా ఆ అడుగునే ఆగుతుంది. మబ్బు పట్టినా గాలి వీచినా ఇదంతా చెదిరిపోతుంది, అదే వారంలో ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తేడా రావచ్చు. మంచు గడ్డకట్టే లోయ అడుగుల్లో లేత కాఫీ మొక్కలకు ఆకులు మాడతాయి, వాలు మీద వాటికి నయం.

కంభం కట్ట

నల్లమల గురించి. పడమటి నుంచి తూర్పుకు నంద్యాల, కంభం మధ్య ఒక అడ్డకోత ఊహించండి. నంద్యాల ప్రాంతం కుందూ లోయ, దాదాపు 200 మీటర్లు, కింద నంద్యాల షేల్, సున్నపురాయి, పైన నల్లరేగడి. అక్కడి నుంచి గాజులపల్లె దాటగానే నల్లమల. గట్టి బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ గట్లవుతుంది, మెత్తటి కంభం షేల్, పలకరాయి లోయలవుతాయి. గట్టు, లోయ, మళ్లీ గట్టు. గుండ్ల బ్రహ్మేశ్వరం, భైరానికొండ వైపు ఎత్తు 900 మీటర్లు దాటుతుంది. తూర్పుకు దిగితే గిద్దలూరు, కంభం, మార్కాపురం ఉన్న లోయ. బడి పలకలు దేశమంతా వెళ్లింది మార్కాపురం పలకరాయి నుంచే. ఆ లోయకు తూర్పున వెలికొండలు, అవి దాటితే కోస్తా.

మీ స్కేలులో ఒక్కో గట్టు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే, సన్‌బోర్డు చేత్తో కోస్తే విరిగిపోతుంది. నా సలహా: పెద్ద నమూనాలో నల్లమలను ఒకే దిమ్మెగా పెట్టి, నంద్యాల కంభం ముక్కను పక్కన 1:2,50,000 స్కేలులో విడిగా చేయండి. వెడల్పు 26 సెంటీమీటర్ల దాకా వస్తుంది, మడతలు కళ్లకు కడతాయి.

ఇక సందులు. గట్టు ఎక్కడ తెగిందో అక్కడే మనుషుల పని కనిపిస్తుంది. నంద్యాల గిద్దలూరు రైలు మార్గం నంది కనుమ గుండా పోతుంది, పాత మీటర్‌గేజి బొగద సొరంగం ఆ దారిలోదే. గుండ్లకమ్మ రెండు కొండల నడుమ దూరే చోట విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఉంది. కట్ట పొడవు 300 మీటర్ల పైచిలుకు, ఎత్తు సుమారు 17 మీటర్లు. అంత చిన్న కట్టతో అంత పెద్ద చెరువు నిలిచిందంటే మిగతా గోడలన్నీ కొండలే. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు సాధనాలు చెబుతుంది. రెండు కొండ కొసల మధ్య మరీ పొడవు కాని, గట్టి రాతికట్ట అందులో ఒకటి. ఆరున్నర శతాబ్దాల కింద స్థలం ఎంచిన లెక్క ఇదీ.

వెలిగొండ ప్రాజెక్టుదీ అదే లెక్క. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర మూడు సందులు మూసేస్తే కొండల మధ్య పళ్లెం జలాశయమైంది. నీళ్లు శ్రీశైలం వెనక జలాల నుంచి కొల్లంవాగు దగ్గర మొదలై, నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాల్లో రావాలి. ఈ మూడు సందుల దగ్గర మీ పొరలో కత్తితో గాటు పెట్టి నీలం చుక్క వేయండి.

అమ్రాబాద్ నీడ

శ్రీశైలం ఎడమగట్టు సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు కదా. అక్కడ కూడా ఇదే రాయా? నమూనా పక్కన వివరణ రాస్తే ఏం రాయాలి?

రాతిపొర

అమ్రాబాద్ కింద ప్రధానంగా శ్రీశైలం క్వార్ట్‌జైట్. పొరలు చాలావరకు చదునుగా ఉంటాయి, మధ్యమధ్య షేల్ పట్టీలు, దిగువన గ్రానైట్. క్వార్ట్‌జైట్ నలగనంత వరకు ఇనుములాంటి రాయి. నలిగి పగిలిన పట్టీ ఒకటి అడ్డం వచ్చిందంటే, ఆ పగుళ్లలో నిలిచిన నీరు వందల మీటర్ల రాతి కింది ఒత్తిడితో మట్టినీ రాళ్లనూ తోసుకుంటూ వస్తుంది. ఆ సొరంగం మొత్తం దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం కావడంతో మధ్యలో అడ్డదారులు తవ్వలేదు, రెండు కొసల నుంచే తవ్వాలి. లోపల సుమారు 14 కిలోమీటర్ల దగ్గర ప్రమాదం జరిగితే చేరే దారి ఒక్కటే. కాంటూరు పటం పైన ఉన్న రూపమే చెబుతుంది, కింద పగులు ఎక్కడుందో చెప్పదు. ముందుకు గుచ్చి చూసే బోరులే దానికి ఆధారం. పిల్లల వివరణలో ఈ ముక్క తప్పకుండా ఉండాలి.

శేషాద్రి మెట్లు

దక్షిణపు కొస నాది. కడప నుంచి రేణిగుంట రైలు మార్గం చూడండి: నందలూరు, రాజంపేట, కోడూరు. పడమట పాలకొండలు, శేషాచలం, తూర్పున వెలికొండలు, మధ్యలో చెయ్యేరు లోయ. అది పుల్లంపేట షేల్. మంగంపేట ముగ్గురాయి దొరికేది ఈ పట్టీలోనే. అక్కడి నుంచి నేరుగా కృష్ణపట్నం రేవుకు పోదామంటే వెలికొండల్లో సందు లేదు. అందుకే ఓబులవారిపల్లె వెంకటాచలం మార్గంలో సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వి 2019లో ప్రారంభించారు. వెలికొండలను తెగ్గోసిన పెద్ద సందు పెన్న ఒక్కటే చేసింది, సోమశిల దగ్గర. ఆనకట్ట అక్కడే. ఎగువన ఎర్రమల క్వార్ట్‌జైట్‌ను చీల్చిన గండికోట లోయ కూడా పెన్నదే. లోతు సుమారు 90 మీటర్లే కాబట్టి మీ 200 మీటర్ల పొరల్లో అది కనబడదు, గీత గీసి పేరు రాయండి.

తిరుమల ఘాట్ రోడ్డు గట్టులో కింద గ్రానైట్, పైన నగరి క్వార్ట్‌జైట్ కలిసే గీత కంటికి కనిపిస్తుంది. భూవిజ్ఞాన సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. రెండు రాళ్ల వయసు మధ్య సుమారు 50 కోట్ల ఏళ్ల ఎడం. శిలాతోరణం ఆ పై క్వార్ట్‌జైట్‌లో కోత మిగిల్చిన వంపు.

ఆ క్వార్ట్‌జైట్‌కు నిలువు, అడ్డం పగుళ్లుంటాయి. నీరు పగుళ్లలోకి దిగి, వేర్లు తోసి, కింద ఆధారం కొట్టుకుపోతే బండ మొత్తం విడిపోతుంది. 2021 నవంబరు వానల తర్వాత డిసెంబరు 1న రెండో ఘాట్ మీద పడ్డవి ఇలాంటి బండలే. ఇక్కడ మట్టి జారడం కాదు, రాయి పడడం. అరకు వైపు గట్టుకు నీటి కాలువ, వాలు తగ్గించడం ముఖ్యమైతే, ఇక్కడ వదులు బండలు దింపేయడం, ఇనుప మేకులతో బిగించడం, వల కట్టడం చేయాలి. ఒకే మందు రెండు చోట్లా పనిచేయదు.

అవే వానల్లో 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ఆనకట్ట తెగింది, అంతకుముందే ఎగువన పింఛా కట్ట తెగింది. నిటారు రాతి కొండల మీద పడిన వాన ఇంకే అవకాశం తక్కువ, గంటల్లో ఏటికి చేరుతుంది. ఈశాన్య రుతుపవనాల వాయుగుండాలు నేరుగా తగిలే ముఖం ఇది.

అడవి బాట

రంగు వేసేటప్పుడు అంతా ఒకే ఆకుపచ్చ పూయకండి. ఉత్తరాన తేమ అడవి, లోయల్లో ఎప్పుడూ పచ్చగా, శ్రీకాకుళం, మన్యం కొండల్లో గుగ్గిలం చెట్లు కూడా ఉంటాయి. అక్కడ ముదురు ఆకుపచ్చ. నల్లమలలో టేకు, నల్లమద్ది, చిరుమాను, వెదురు. వేసవిలో ఆకు రాల్చే ఎండు అడవి, కాబట్టి పసుపు కలిసిన ఆకుపచ్చ. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలో విస్తీర్ణంలో పెద్దది, కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ దానికి జోడు. చెంచుల గూడేలు రెండు ఒడ్డుల మీదా ఉన్నాయి, రెండింటినీ గుర్తించండి.

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల్లో ఎర్రచందనం. రాళ్లు తేలిన, నీరు నిలవని క్వార్ట్‌జైట్, షేల్ వాలులే దానికి ఇష్టం. మంచి నల్లమట్టిలో వేగంగా ఎదిగినా చేవ ఆలస్యంగా పడుతుంది. సహజంగా అడవిగా పెరిగేది ప్రధానంగా ఈ కొండల్లోనే. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వ్ అయింది.

ఒక్క చిన్న గుర్తు కొండ మీద కాక కొండ అడుగున పెట్టాలి: కలివికోడి. 1986లో లంకమల పాదాల దగ్గర తిరిగి కనిపించిన ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, ముళ్లపొదల మధ్య బయలు నేల కావాలి. ‘కొండ ప్రాంతపు పక్షి’ అని శిఖరం మీద అంటిస్తే దాని కథే మారిపోతుంది.

గుహల విషయంలోనూ ఇదే జాగ్రత్త. బొర్రా గుహలు కొండల నడుమ, బెలుం గుహలు మాత్రం ఎర్రమల పక్కన చదును పొలాల కింద సున్నపురాయిలో ఉన్నాయి. బెలుంను కొండ మీద పెట్టొద్దు.

డెమ్ గీతలు

కోత, అతుకు గురించి చివరి వివరాలు.

సన్‌బోర్డు గట్టి ప్లాస్టిక్ నురుగు. తెల్ల ఫెవికాల్ రెండు పొరల మధ్య గాలి ఆడక ఎంతకీ ఆరదు. ముందు రెండు ముఖాలనూ గరుకు కాగితంతో రుద్ది, రబ్బరు జిగురు పలుచగా రాసి, మీద బరువు పెట్టి రాత్రంతా వదలండి. ఖర్చు తగ్గుతుందని థర్మోకోల్ వాడితే రబ్బరు జిగురూ స్ప్రే రంగూ దాన్ని తినేస్తాయి. దానికి ఫెవికాల్, నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులే వాడాలి.

ఒక్కో పొర మీద దాని పై పొర గీతను కూడా పెన్సిల్‌తో దించుకోండి, అతికించేటప్పుడు జరగకుండా ఉంటుంది. నంద్యాల దగ్గర 200 గీత పొలాల్లో మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలకు అర్థం లేదు, సాఫీ చేసేయండి. పాపికొండల మెలికలకు అర్థం ఉంది, వాటిని ముట్టుకోవద్దు.

ఇరుకు లోయలు: పాపికొండల్లో గోదావరి కొన్నిచోట్ల కొన్ని వందల మీటర్ల వెడల్పే, స్కేలు ప్రకారం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కత్తికి ఆనేలా 2 మి.మీ. కోసి, ‘లోయ వెడల్పు స్కేలుకు లేదు’ అని రాయండి. ఆ ఇరుకే వరదలప్పుడు నీటిని ఎగదన్ని శబరిలోకి, కూనవరం చింతూరు వైపు నిలబెడుతుంది. కాబట్టి ఇరుకుకు ఎగువన పొరను వెడల్పుగా, పల్లంగా ఉంచితేనే పిల్లలు నీళ్లు పోసి చూసినప్పుడు అది జరుగుతుంది. అతుకుల మీద రెండు పూతలు వార్నిష్ వేశాకే నీళ్లు పోయండి.

పటాలపెట్టె

అందరికీ కృతజ్ఞతలు. పెద్ద నమూనా, నల్లమల ముక్క విడివిడిగా చేస్తున్నాం. గోదావరి కృష్ణల మధ్య తెంచేశాం, కొండపల్లి నుంచి కొండవీడు దాకా విడి ముక్కలే. ఒక్కటే మిగిలింది: శ్రీశైలం, సాగర్ జలాశయాల నీలం రంగు ఏ పొర మీద వేయాలి?

డెమ్ గీతలు

నిండు మట్టం చూసుకోండి. శ్రీశైలం 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. నాగార్జునసాగర్ 590 అడుగులు, దాదాపు 180 మీటర్లు. శ్రీశైలం నీలం 200 మీటర్ల పొర మీద, సాగర్ నీలం అడుగు పలక మీద వస్తాయి. రెండు పొరల మధ్య మెట్టు సరిగ్గా శ్రీశైలం ఆనకట్ట దగ్గర పడేలా 200 గీతను అక్కడ చేత్తో అడ్డంగా కోయండి. దత్తాంశం నుంచి వచ్చిన గీత అక్కడ కొంచెం ఎగువకో దిగువకో జరిగి ఉంటుంది.